పక్కింటివాళ్లు వదిలేసిన పిల్లి: కోలుకునేదాకా ఎలా చూడాలి, ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా పక్కింట్లో కిరాయికున్నవాళ్లు నెలన్నర కిందట ఖాళీ చేసి వెళ్లారు. వాళ్లు పెంచుకున్న ఆడ పిల్లి వెనక దొడ్లోనే ఉండిపోయింది. మొన్న మా గోడ దూకి వచ్చింది. ఎముకలు తప్ప ఏమీ లేదు. కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 1.8 కిలోలు తూగింది. చెవుల అంచులకు పొక్కు కట్టింది, ఒక కన్ను ఊసులతో మూసుకుపోయింది, ఒళ్లంతా పురుగులు. రెండు రోజులుగా పాలన్నం పెడుతుంటే గిన్నె నాకేస్తోంది, కానీ విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లు వెచ్చగా ఉందని తెలిసినవాళ్లు పిల్లలకు వాడే పారాసెటమాల్ సిరప్ వెయ్యమన్నారు, ఇంకా వెయ్యలేదు. ఎత్తుకోబోతే మా తొమ్మిదేళ్ల బాబు చెయ్యి రక్కింది, కొంచెం నెత్తురు వచ్చింది, డెట్టాల్ రాశాం. మా ఆడబిడ్డకు ఆరో నెల, వచ్చే నెల కాన్పుకు మా ఇంటికే వస్తుంది. అప్పటికి పిల్లి ఇంట్లో ఉండొద్దని అత్తమ్మ అంటోంది. బాదేపల్లి మార్కెట్ దగ్గర పల్లీల గోదాము ఉన్న మా చిన్నమామ ఎలుకలకు పనికొస్తుంది, ఇచ్చేయమంటున్నాడు. ఇప్పుడే ఇచ్చేయొచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ బాబు చెయ్యి సంగతి. ఇప్పటిదాకా టీకా వేయించకపోతే ఈ రోజే సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి. కుక్కకాటుకు వేసే టీకానే పిల్లి గీరుకూ వేస్తారు, సర్కారు దవాఖానల్లో డబ్బులు తీసుకోరు. నెత్తురు వచ్చిన గీరును డాక్టర్లు మూడో తరగతి గాయంగా, అంటే అన్నిటికంటే తీవ్రమైనదిగా చూస్తారు. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే సూది) కూడా అవసరం పడుతుంది, ఆ మాట మీరే అడగండి. వెళ్లేముందు గాయాన్ని నల్లా నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆలస్యమైనా సరే, కడగడం మానొద్దు. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కిస్తే, చర్మంలోకి వేసే పద్ధతైతే 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి వేసే పద్ధతైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో సూదులుంటాయి. పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలి. పదో రోజు తర్వాత కూడా అది మామూలుగా ఉంటే మిగతా సూదులు కావాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారు. ఈ ఒక్క కారణానికైనా పిల్లి ఈ పది రోజులు మీ కళ్ల ముందే ఉండాలి.

మీ ప్రశ్నకు జవాబు: ఇప్పుడే ఇవ్వొద్దు, గోదాముకు అసలే వద్దు. ఇలా చిక్కిపోయిన పిల్లి మరో ఇంటికి వెళ్లేంతగా తేరుకోవడానికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది. ఈ కాలమంతా మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే, దేనికీ తొందరపడొద్దు. తిండిలో తొందర, స్నానంలో తొందర, మందులో తొందర, అప్పగించడంలో తొందర. ఇలాంటి పిల్లులు కొన్ని జాలిపడి చేతికి తీసుకున్నవాళ్ల దగ్గరే, మొదటి వారంలోనే పోతాయి. ఆకలికి తట్టుకున్న ప్రాణం ఒక్కసారిగా నిండిన గిన్నెకు తట్టుకోలేదు.

అదెలాగో చెబుతాం. వారాల తరబడి తిండి లేని ఒంట్లో ఫాస్ఫరస్, పొటాషియం, బి1 విటమిన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. అప్పుడు అన్నం, పాలు, చక్కెర, గ్లూకోజు నీళ్లు కడుపులో పడితే ఇన్సులిన్ ఒక్కసారి పెరుగుతుంది. నెత్తుట్లో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. కండలు పట్టు తప్పుతాయి, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, గుండె లయ తప్పుతుంది. తిండి మొదలుపెట్టిన రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఈ ప్రమాదం ఎక్కువ. మీ పిల్లి ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంది. కూర్చున్నప్పుడు మెడ నిలబడక గడ్డం ఎదురురొమ్ముకు ఆనుతున్నా, కాళ్లు వణుకుతున్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, మూత్రం ఎర్రగా లేదా కాఫీ రంగులో వస్తున్నా ఇంట్లో ఏ వైద్యమూ పనిచేయదు. ఆ గంటలోనే డాక్టరు దగ్గర ఉండాలి.

కాబట్టి పాలన్నం ఈ పూటే ఆపేయండి. పెద్ద పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, ఆ విరేచనాలకు అదే కారణమై ఉండొచ్చు. ఎముక, చర్మం లేని కోడిమాంసాన్ని ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ఏవీ లేకుండా మెత్తగా ఉడికించి, ఉడికిన నీళ్లతోనే మెదపండి. పిల్లి గుండెకు, కళ్లకు తప్పనిసరైన టారిన్ అనే పదార్థం ఆ నీళ్లలోకి దిగుతుంది, అందుకే నీళ్లు పారబోయొద్దు. 1.8 కిలోల పిల్లి కదలకుండా ఉన్నా రోజుకు సుమారు 110 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో మూడో వంతు కంటే తక్కువే పెట్టాలి. అంటే ఉడికిన మాంసం రోజు మొత్తానికి 20 గ్రాములు, దాన్ని ఆరు సార్లుగా. ఒక్కో సారికి టీస్పూనుకు కొంచెం తక్కువే వస్తుంది. గిన్నె అడుగు కూడా కనబడుతుంది, పిల్లి అరుస్తుంది, మీ చుట్టూ తిరుగుతుంది, మనసు ఒప్పుకోదు. అయినా అంతే పెట్టండి. రెండో రోజు 35 గ్రాములు, మూడో రోజు 50, నాలుగో రోజు 65. విరేచనం పలచబడితే ఆ రోజు పెంచకుండా నిన్నటి లెక్క దగ్గరే ఆగండి. ఐదు రోజులు నిలదొక్కుకుంటే రోజుకు పదేసి గ్రాములు పెంచుతూ వారం పది రోజుల్లో రోజుకు నాలుగు పూటలు, తిన్నంత పెట్టే స్థితికి రావచ్చు.

ఇంకో సంగతి. ఒళ్లు చల్లగా ఉంటే తిండి పెట్టొద్దు. మామూలుగా పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. మీవాళ్లకు వెచ్చగా అనిపించింది బహుశా అదే. డిజిటల్ థర్మామీటరు ఒకటి దీనికే వేరుగా కొని, కొనకు వాజిలిన్ రాసి మలద్వారంలో అంగుళం కంటే తక్కువ లోతున పెట్టి చూడండి. 99 కంటే తక్కువుంటే వేడి నీళ్ల సీసాకు తువ్వాల చుట్టి పక్కన పెట్టి, వేడి వచ్చాకే తిండి. 103 దాటితే డాక్టరు పని.

ఆ పారాసెటమాల్ సిరప్‌ను పిల్లి ఉన్న గదిలో కూడా ఉంచొద్దు. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పెద్దవాళ్లు వేసుకునే ఒక్క బిళ్ల చాలు, పిల్లి నెత్తురు ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి, ముఖం వాచి, చచ్చిపోతుంది. ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వొద్దు. డెట్టాల్, నల్ల ఫినాయిల్ లాంటివి పిల్లి ఒంటి మీద గానీ, అది నడిచే నేల మీద గానీ వాడొద్దు. అది పాదాలు నాకుతుంది, అవి కడుపులోకి పోతాయి. నేల తుడవడానికి లీటరు నీళ్లకు 30 మి.లీ. ఇంటి బ్లీచు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే సరిపోతుంది.

డాక్టరు దగ్గరకు రేపు పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరాక పిల్లిని ఆటోలో తిప్పడం మంచిది కాదు. నోరు తెరిచి రొప్పుతోందంటే పిల్లికి అది ప్రమాద సూచన. మన జిల్లాల పశువుల దవాఖానల్లో ఎక్కువగా గొర్లు, మేకలు, బర్లకే వైద్యం నడుస్తుంది. పిల్లి టీకాలు, పిల్లికి తగిన మందులు ఉన్నాయా లేవా అని ముందు ఫోన్ చేసి అడగడం మేలు. నెత్తురు పరీక్షలు, సెలైన్, రోజంతా కనిపెట్టి ఉండడం అవసరమైతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దవాఖాన మీకు తోవలోనే ఉంటుంది. షాద్‌నగర్ మీదుగా బెంగళూరు హైవేలో పోతే ఆరాంఘర్ దాటకుండానే చేరొచ్చు. తీసుకెళ్లడానికి పంజరం లేకపోతే రెండు టమాటా ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, నాలుగు మూలలా తాడుతో బిగించి, లోపల పాత తువ్వాల పరిచి, పైన పలచటి గుడ్డ కప్పండి. గోనె సంచిలో కట్టొద్దు. ఆ రోజు విరేచనాన్ని చిన్న డబ్బాలో వెంట పట్టుకెళ్లండి.

డాక్టరును అడగవలసినవి: ఒంట్లో నీరు తగ్గిందా, చర్మం కింద సెలైన్ కావాలా, బి1 ఉన్న ఇంజక్షన్ వేస్తారా, చిగుళ్లలో, చెవుల లోపలి చర్మంలో పసుపుదనం ఉందా, కడుపులో పిల్లలున్నాయా. ఒళ్లంతా ఎముకలై పొట్ట మాత్రం గుండ్రంగా ఉంటే అది నులిపురుగులైనా కావచ్చు, చూలైనా కావచ్చు. నులిపురుగుల మందు మొదటి రోజే అడగొద్దు. తిండి నిలబడ్డాక, వారం దాటాక, తూకం చూసి వేస్తారు. పిల్లలకు బడుల్లో పంచే ఆల్బెండజోల్ బిళ్ల పిల్లికి వెయ్యొద్దు, ఎముకల మజ్జను దెబ్బతీస్తుంది. మలంలో బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. ఒంటి మీది పురుగులను నాకి మింగడం వల్లే అవి వస్తాయి కాబట్టి రెంటికీ మందు పడాలి.

చెవి అంచుల పొక్కు గురించి రాశారు. అంచున మొదలై ముఖానికి, మెడకు పాకే బూడిదరంగు గట్టి పొక్కు, ఆగని దురద ఉంటే చాలావరకు అది పిల్లి గజ్జి. కంటికి కనిపించని పురుగు చర్మంలో బొరియలు తవ్వడం వల్ల వస్తుంది. ఎత్తుకున్నవాళ్ల చేతులకు కూడా కొన్నాళ్లు దద్దుర్లు రావొచ్చు, పిల్లికి నయమైతే అవీ పోతాయి. దురద తక్కువగా ఉండి, గుండ్రంగా వెంట్రుకలు రాలి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. అది పిల్లలకు తేలిగ్గా అంటుకుంటుంది, మందు వారాల తరబడి వాడాలి. చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండింటి తేడా తేలుతుంది. తేలేదాకా బాబును దూరంగా ఉంచండి, మీరు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఈ గజ్జికి మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. గొర్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందును అంచనాగా పొడవడం. ఆ సీసాలో మి.లీ.కి 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మీ పిల్లికి కిలోకు 0.2 మి.గ్రా. లెక్కన కావలసింది 0.036 మి.లీ. మామూలు సిరంజిలో ఆ గీత కూడా కనబడదు. చెయ్యి కొంచెం జారితే పది రెట్లు పడుతుంది, పిల్లి తూలి, చూపు పోయి, మూర్ఛలోకి వెళ్తుంది. సెలమెక్టిన్ ఉన్న, పిల్లుల కోసమే తూకాన్ని బట్టి తయారైన చుక్కల మందు అడగండి. 2.5 కిలోల లోపు పిల్లికి వేరే చిన్న గొట్టం వస్తుంది. మెడ వెనక, నాలుక అందని చోట వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పిండాలి. గజ్జికీ, చెవి పురుగుకూ, ఒంటి మీద దూకే పురుగులకూ ఒకే మందు పనిచేస్తుంది. నెల తర్వాత రెండోసారి వేయాలి. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ చుక్కలు, బర్లకు పిడుదుల కోసం కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ నీళ్లు పిల్లికి విషం. ఎవరైనా ఇప్పటికే పూసి ఉంటే గిన్నెలు కడిగే సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు పరిగెత్తాలి.

మొదటి వారంలో స్నానం వద్దు. బక్కచిక్కిన ఒళ్లు తడిస్తే వేడి పట్టుకోలేదు. సన్న పళ్ల దువ్వెనతో రోజూ రెండుసార్లు దువ్వి, దువ్వెనను సబ్బునీళ్ల గిన్నెలో ముంచితే చాలా పురుగులు అందులోనే చస్తాయి. దువ్వెనలో నల్లటి రవ్వలు పడితే తడి దూది మీద వేసి చూడండి. ఎర్రగా కరిగితే అది పురుగులు తాగి విసర్జించిన నెత్తురు. చిగుళ్లు కూడా పాలిపోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పురుగుల గుడ్లు, పిల్లలు ఎక్కువగా ఉండేది పిల్లి మీద కాదు, అది పడుకున్న చోటే. కాబట్టి పక్కగుడ్డలు మూడు రోజులకోసారి మరిగే నీళ్లలో ముంచి ఎండలో వేయండి, గది మూలలు ఊడ్చండి.

కంటికి: అర లీటరు నీళ్లు మరిగించి, ఒక టీస్పూను ఉప్పు సమంగా వేసి చల్లార్చండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు దూది ముంచి మూసిన రెప్ప మీద నిమిషంపాటు ఆనించి ఉంచితే ఊసు నానుతుంది. అప్పుడు ముక్కువైపు నుంచి బయటికి తుడవండి. ఒక దూది ఒక్కసారికే. రెప్ప తెరుచుకున్నాక గుడ్డు మీద తెల్లటి పొర, గుంట కనబడితే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, గుడ్డు మీద పుండు ఉన్నప్పుడు కన్ను చిల్లు పడుతుంది. తుమ్ములు, ముక్కు కారడం ఉంటే డాక్సీసైక్లిన్ రాసే అవకాశం ఉంది. ఆ బిళ్ల వేశాక ఐదారు మి.లీ. నీళ్లు నోటి పక్క నుంచి నెమ్మదిగా పట్టాలి. లేకపోతే బిళ్ల గొంతుగొట్టంలో నిలిచి అక్కడే కాల్చి, మానాక ఆ చోటు ఇరుకైపోతుంది, ఆపై తిన్నదంతా కక్కుతుంది. ఈ మాట చాలా దవాఖానల్లో చెప్పరు.

కొన్ని రోజుల తర్వాత తిండి మానేసినట్టు కనిపిస్తే నోరు చూడండి. ఆకలి లేని పిల్లి గిన్నె వైపే రాదు. నోరు నొప్పున్న పిల్లి గబగబా వస్తుంది, ముక్క అందుకుంటుంది, ఒక్కసారి కీచుమని వదిలేసి, ముందుకాలితో మూతి గీరుకుంటూ వెనక్కి నడుస్తుంది. చొల్లు కారుతుంది, వాసన వస్తుంది. ఇది పళ్ల, చిగుళ్ల జబ్బు, వైద్యం వేరు. ఏ కారణానికైనా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆగొద్దు. పస్తుతో పిల్లి కాలేయానికి కొవ్వు పడుతుంది, కామెర్లు వస్తాయి. సిరంజితో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, తిండి మీద విరక్తి కూడా పుడుతుంది.

మొదటి వారం గడిచాక ఉత్త కోడిమాంసం మీద నిలబెట్టొద్దు, దాంట్లో కాల్షియం లేదు. పిల్లి పిల్లల కోసం అమ్మే పొట్లాం తిండి నాలుగైదు రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ సగానికి తీసుకురండి. అది దొరకని రోజుల్లో అర కిలో మాంసానికి అర టీస్పూను మెత్తటి గుడ్డు పెంకు పొడి కలపొచ్చు. మొదటి వారంలో మాత్రం పొడి వద్దు, ఉన్న ఫాస్ఫరస్‌ను అది పట్టేసుకుంటుంది. కోడి గుండెకాయలు వారానికి మూడు నాలుగుసార్లు పెడితే టారిన్ బాగా అందుతుంది. కార్జం వారానికి ఒకసారి, కొద్దిగా. రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. మనం తిన్న కూరలో ముక్కలు కడిగి పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిని పాడుచేస్తాయి, కడిగినంత మాత్రాన పోవు. వారానికోసారి అదే కాంటా మీద తూచి కాగితం మీద రాయండి. వారానికి వంద గ్రాములు అటూ ఇటుగా పెరుగుతుంటే దారిలో ఉన్నట్టే. తూకం కంటే ముందే ఇంకో గుర్తు కనిపిస్తుంది. తిన్నాక కూర్చుని ముఖం కడుక్కోవడం, తోక దాకా నాక్కోవడం మొదలుపెడుతుంది. ఒంట్లో ఓపిక లేని పిల్లి ఆ పని చేయదు.

ఉండే చోటు: స్నానాల గది గానీ, సామాన్ల గది గానీ ఒక్కటి చాలు. రేకుల గది ఈ ఎండల్లో వద్దు. అట్టపెట్టెకు పక్కన రంధ్రం కోసి, బోర్లించి, లోపల గుడ్డ వేస్తే దాక్కునే చోటు దొరుకుతుంది. రెండంగుళాల మందాన ఇసుక పోసిన వెడల్పాటి టబ్బు ఒక మూల, తిండీ నీళ్లూ అవతలి మూల. వడ్ల ఊక తేలిగ్గా దొరుకుతుంది గానీ దుమ్ము లేస్తుంది, ముక్కు కారే పిల్లికి అది మంచిది కాదు. బాబుకు చెప్పండి: ఎత్తుకోకూడదు, పెట్టెలో చెయ్యి పెట్టకూడదు, నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోవాలి. పిల్లి తనంతట వచ్చి వాసన చూశాక దవడల దగ్గర, గడ్డం కింద నిమరొచ్చు. తోక కొన కొట్టుకున్నా, చెవులు వెనక్కి వాలినా చెయ్యి తీసేయాలి.

ఇక మీ అత్తమ్మ భయం. అది ఉత్త భయం కాదు, కానీ పిల్లిని పంపేయాల్సినంతా కాదు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఏమీ కాదు. గర్భిణికి నిజంగా జాగ్రత్త అవసరమైంది టాక్సోప్లాస్మా అనే క్రిమి విషయంలో. అది పిల్లి మలంలో, సాధారణంగా జీవితంలో ఒకసారి, ఒకటి నుంచి మూడు వారాలపాటు వస్తుంది. మలంలో బయటపడ్డాక కనీసం ఒక రోజు గడిస్తేనే అంటుకునే శక్తి వస్తుంది. కాబట్టి టబ్బులోని మలం రోజూ పొద్దున తీసేయాలి, ఆ పని మీ ఆడబిడ్డ తప్ప ఎవరైనా చేయాలి. పిల్లికి పచ్చి మాంసం, ఎలుకలు అందకూడదు. మనుషులకు ఇది సరిగా ఉడకని మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి, మట్టి నుంచి కూడా వస్తుంది, వంటింట్లో జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. తలుపు మూసిన గదిలో పిల్లి, రోజూ శుభ్రం చేసే మనిషి ఉంటే ఆమె వచ్చినా ఇబ్బంది లేదు. అత్తమ్మకు ఈ పద్ధతి మాటల్లో చెప్పడం కంటే నాలుగు రోజులు చేసి చూపిస్తే తేలిగ్గా ఒప్పుకుంటారు. ఆడబిడ్డను చూసే డాక్టరును కూడా ఒక మాట అడగమనండి.

మూడు వారాలు దాటి, జ్వరం, విరేచనాలు లేకుండా తూకం పెరుగుతుంటే టీకాలు. పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకా ఒకటి, మూడు నాలుగు వారాలకు రెండోది, రేబిస్ టీకా. జబ్బు ఒంట్లో ఉండగా టీకా వేయిస్తే పట్టు సరిగా రాదు. రెండున్నర కిలోలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. అది కాకుండా ఎవరికీ ఇవ్వకండి. 'మేం చేయిస్తాం' అన్నవాళ్లలో చాలామంది చేయించరు. పిల్లి 65 రోజుల్లో ఈనుతుంది, పాలిచ్చేటప్పుడే మళ్లీ చూలు కడుతుంది, ఏడాది తిరిగేసరికి ఇప్పుడు మీ దొడ్లోకి వచ్చినలాంటివి పదో పన్నెండో తయారవుతాయి.

ఈలోపు పాత యజమానుల సంగతి తేల్చుకోండి. ఇంటి ఓనరు ద్వారా వాళ్లకు ఫోటోలతో మెసేజ్ పెట్టి, పిల్లి వాళ్లకు వద్దని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఇది వాళ్లను బెదిరించడానికి చెప్పడం లేదు, రేపు కోలుకున్న పిల్లిని చూసి మాదేనని రాకుండా ఉండడానికి ఆ మెసేజ్ మీకు కావాలి.

గోదాము ఎందుకు వద్దన్నామంటే, ధాన్యం, పల్లీలు నిల్వ ఉండే చోట ఎలుకల మందు లేకుండా ఉండదు. మీ చిన్నమామ పెట్టకపోయినా పక్క దుకాణం పెడుతుంది. జింకు ఫాస్ఫైడు గానీ, బ్రోమడయోలోన్ బిళ్లలు గానీ తిన్న ఎలుక ముందు నెమ్మదిస్తుంది, పిల్లికి సులువుగా దొరికేది అదే. రెండోది, కొత్త చోట తలుపులు తెరిచి వదిలిన పిల్లి ఒక్క పూట నిలవదు. కుక్కల బారిన పడుతుంది, లేదా మార్కెట్ రోడ్డు మీద లారీల కింద పడుతుంది. మూడోది, 'తిండి పెట్టకపోతేనే ఎలుకలు పడుతుంది' అనే నమ్మకం. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. ఆకలితో ఇంత దూరం వచ్చిన పిల్లిని మళ్లీ అదే ఆకలికి అప్పగించొద్దు. చిన్నమామకు ఈ మాటలు మర్యాదగా, సూటిగా చెప్పండి.

ఇంటి కోసం వెతకడం రెండో నెలలో మొదలుపెట్టండి. మహబూబ్‌నగర్, నల్లగొండ లాంటి మన ఊళ్లలో పెద్ద పిల్లిని అడిగి తీసుకునేవాళ్లు తక్కువ, హైదరాబాదులో ఎక్కువ. టీకాలేసే డాక్టరుకు చెప్పి ఉంచండి, తెలిసిన టీచర్ల, బ్యాంకువాళ్ల గ్రూపుల్లో పెట్టండి. ప్రకటనలో ఎముకల గూడు ఫోటో ఒక్కటే పెడితే జాలి మీద ఫోన్లు వస్తాయి, ఆ జాలి వారానికి తీరిపోతుంది. ఇప్పటి ఫోటో పెద్దగా, అప్పటిది చిన్నగా పెట్టి, వయసు, ఆపరేషన్, టీకాల తేదీలు, ఉన్న లోపాలు దాచకుండా రాయండి. కన్ను మీద మచ్చ మిగిలితే అది కూడా రాయండి.

ఫోన్ చేసినవాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? కిరాయి ఇల్లైతే ఓనరు ఒప్పుకున్నాడా? ఊరికి పోతే ఎవరు చూస్తారు? ఇంతకుముందు పెంచిన జంతువు ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు తడబడకుండా, వివరంగా జవాబు చెప్పినవాళ్లను నమ్మొచ్చు. హాస్టల్లో ఉండే విద్యార్థులకు వద్దు, సెలవులకు అందరూ వెళ్లిపోతారు. పుట్టినరోజు కానుకగా అడిగేవాళ్లకు వద్దు. అపార్టుమెంటైతే బాల్కనీకీ, కిటికీలకూ వల ఉందా అని కళ్లారా చూడండి. వల కన్ను రెండంగుళాలు మించకూడదు. వీలైతే మీరే తీసుకెళ్లి ఇవ్వండి, ఇల్లు నచ్చకపోతే అదే ట్రేలో వెనక్కి తెచ్చుకోండి.

అప్పగించేటప్పుడు ఉతకని దాని పక్కగుడ్డ, తింటున్న తిండి వారానికి సరిపడా, టబ్బులోని ఇసుక కాస్త వెంట ఇవ్వండి. వాసన తెలిసినదైతే కొత్త గది త్వరగా అలవాటవుతుంది. మొదటి వారం ఒక్క గదిలోనే, నెల దాకా గడప దాటనివ్వకుండా ఉంచమనండి. ఒక కాగితం రాసుకోండి. ఇద్దరి పేర్లు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు, టీకాల తేదీలు, వాళ్లకు వీలుకాని రోజున వేరెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగివ్వాలనే మాట, అందరి సంతకాలు. ఒకటో రోజు, మూడో రోజు, వారానికి, నెలకు ఫోన్ చేసి తిండి, మూత్రం, దాక్కోవడం గురించి అడగండి. మొదటి రెండు రోజులు మంచం కింద నుంచి రాకపోవడం మామూలే, రోజంతా తినకపోతే మాత్రం కాదు.

ఎవరూ దొరకకపోతే? అప్పుడు ఆపరేషన్, టీకాలు అయిన పిల్లిగా మీ వెనక దొడ్లోనే, రెండు పూటలా వేళకు తిండి, నీళ్లు, నీడకు ఒక పెట్టెతో ఉండనివ్వండి. ఇంట్లోకి రానక్కర్లేదు కాబట్టి అత్తమ్మకూ అభ్యంతరం ఉండదు, మలం మాత్రం రోజూ తీసేయండి. తెలియని చేతుల్లో పెట్టడం కంటే అదే మేలు. రేబిస్ టీకా తేదీని క్యాలెండరు మీద రాసి పెట్టుకుని ఏటా వేయించండి.